స్టారా, చెట్టా, పశువుల పాకా? చిన్నపిల్లలున్న ఇంట్లో క్రిస్మస్‌కి దేనికి చోటివ్వాలి

డిసెంబర్ వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే గొడవ. మాది హైదరాబాద్ అల్వాల్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. హాల్లో సోఫా, టీవీ, పిల్లల సైకిలు, బట్టలారేసే స్టాండు పోగా మిగిలేది మూడడుగుల మూల ఒకటి. ఆ మూల కోసం ముగ్గురి పోటీ. నేను పుట్టింది గుంటూరు వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే ప్రొటెస్టెంట్) కుటుంబంలో. మాకు క్రిస్మస్ అంటే గుమ్మం ముందు స్టారు, అర్ధరాత్రి ఇంటింటికీ తిరిగి పాడే క్యారల్స్. మా ఆయన వాళ్లు వరంగల్ వైపు కేథలిక్కులు. యేసు పుట్టిన పశువుల పాకని బొమ్మలతో పేర్చి పెట్టకపోతే వాళ్లకి పండగ మొదలైనట్టే కాదు. యూకేజీ చదివే మా పెద్దది స్కూల్లో చూసొచ్చి చెట్టే కావాలంటుంది. రెండేళ్ల చిన్నోడికి మూడూ ఒకటే, నోట్లో పట్టాలంతే.

ఒక ఏడాది ఎందుకొచ్చిన గొడవ అని మూడూ పెట్టేశాం. 24 సాయంత్రానికి చెట్టు రెండుసార్లు పడింది, స్టారులో బల్బు పోయింది, పాకలో మరియమ్మ భర్త యోసేపు బొమ్మ తల ఊడొచ్చింది. పిల్లల మీద అరవడంతోనే నాకు పండగ గడిచిపోయింది. అప్పట్నుంచి ఒక రూలు పెట్టుకున్నాం. ఏడాదికి ఒకటే గట్టిగా చేస్తాం, మిగతా రెండూ ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. ఇప్పటికి మూడింటికీ వంతు వచ్చింది కాబట్టి, ఏది ఎవరింటికి సరిపోతుందో కొంత చెప్పగలను.

## ముందు వేటిని చూసుకోవాలి

మొదటి ప్రశ్న డబ్బు కాదు, స్థలం కూడా కాదు. దీనితో పిల్లలకి రోజూ ఏం పని ఉంటుంది? అలంకరణ మనం ఒక్క రాత్రిలో చేసేసి, తెల్లారి "ముట్టుకోవద్దు" అంటే నాలుగేళ్ల పిల్లకి అది షాపు అద్దం లాంటిది. రెండు రోజులు చూసి మర్చిపోతుంది. లేదా ముట్టుకుని తిట్లు తింటుంది. రోజుకో చిన్న పని ఉంటే నెలంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

రెండోది, ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల వయసు. పెద్దపిల్ల అడిగింది కదా అని కొంటాం, కానీ ప్రమాదం పాకే పిల్లాడికి. మూడేళ్ల లోపు పిల్లలుంటే చిన్న చిన్న బొమ్మలు, గాజు బంతులు, ఊడొచ్చే ముత్యాలు పనికిరావు. అన్నిటికంటే భయపడాల్సింది బటన్ బ్యాటరీకి. చేతిలో పట్టే ఎల్ఈడీ కొవ్వొత్తులు, మిణుగురు లైట్లు, పాట పాడే కార్డులు, చాలావాటిలో రూపాయి బిళ్లలాంటి ఆ బ్యాటరీయే ఉంటుంది. అది మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిన గాయం అవుతుంది. మింగాడేమో అన్న అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నాలు మానేసి నేరుగా ఆసుపత్రికి పోవాలి. బ్యాటరీ మూతకి స్క్రూ ఉంటేనే కొనండి. లేకపోతే వాటి జోలికి పోవద్దు.

మూడోది, పండగ అయ్యాక దాన్ని ఎక్కడ పెడతారు? హైదరాబాద్ అద్దె ఇళ్లలో అటక ఉంటే అదృష్టం. ఐదడుగుల ప్లాస్టిక్ చెట్టు డబ్బా పదకొండు నెలలు మంచం కింద పడుంటుంది.

ఇక కథ. పిల్లలు "ఇది ఎందుకు పెట్టాం?" అని కచ్చితంగా అడుగుతారు. మీ దగ్గర జవాబుండాలి. ఇందులో మూడూ సమానం కావు.

## స్టారు

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పాత అలవాటు ఇదే. చెట్టు లేని ఇల్లు ఉంటుంది గానీ స్టారు కట్టని ఇల్లు మా ఊళ్లో నేను చూడలేదు. కథ కూడా సులువు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి బయల్దేరారని మత్తయి సువార్తలో ఉంది. "మనింటికి దారి తెలియడానికి" అని మా అమ్మ చెప్పేది. అదే నేనూ చెప్తున్నాను.

చోటు అక్కర్లేదు, బాల్కనీ గ్రిల్లు చాలు. పాకే పిల్లలకి అందదు. అందుకే ఏడాదిన్నర లోపు పాప ఉన్న ఇంటికి నేను స్టారే చెప్తాను, ఆలోచించక్కర్లేదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో నవంబర్ చివరికే మడత పేపర్ స్టార్లు వేలాడతాయి. కొనేటప్పుడు హోల్డరు, వైరు విడిగా చూసుకోండి. లోపల ఎల్ఈడీ బల్బు పెట్టాలి, పాత అరవై వాట్ల బల్బు కాగితాన్ని మాడ్చేస్తుంది.

చిక్కేమిటంటే, కొన్న స్టారుతో పిల్లలకి ఉండే పని సాయంత్రం స్విచ్చి వేయడం ఒక్కటే. ఇంట్లో చేస్తే మాత్రం లెక్క మారుతుంది, అందుకు హైదరాబాద్ కంటే మంచి ఊరు లేదు. సంక్రాంతి దగ్గరపడుతుంది కాబట్టి డిసెంబర్‌లో పతంగుల కాగితం, వెదురు పుల్లలు దొరకడం మొదలవుతుంది. ధూల్‌పేట వైపు వెళ్తే ఎన్ని రంగులో. ఒకే పొడవున్న పది పుల్లలు తీసుకోండి. ఐదు పుల్లలతో ఒక నక్షత్రం, ఇంకో ఐదుతో మరొకటి. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనలూ దారంతో కట్టాలి. తర్వాత లోపల పుల్లలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల అరచేయి పొడవు పుల్ల ముక్కలు నిలబెడితే స్టారు బోర్లించిన బుట్టలా రెండువైపులా ఉబ్బుతుంది. పిల్లలు నోరు తెరిచేది ఆ క్షణంలోనే. అప్పటిదాకా అది చదునుగా ఉన్న పుల్లల గీత. మైదా ఉడికించిన జిగురుతో కాగితం అంటించే పని వాళ్లది. ముడతలు వస్తాయి, రానీయండి. ఒక కొన దగ్గర అంటించకుండా వదలాలి, బల్బు పెట్టడానికి. నేను మొదటిసారి అది మర్చిపోయి అన్నీ అంటించేశాను. మా ఆయన బ్లేడు పట్టుకుని ఆపరేషన్ చేయాల్సొచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం పడుతుంది. ఐదారేళ్ల పిల్లలకి బాగుంటుంది. మూడేళ్ల పిల్లలు పుల్లలు కట్టేసరికే లేచిపోతారు. వెదురు చీలికలు గుచ్చుకోకుండా ముందే గరుకు కాగితంతో రుద్దుకోండి.

## చెట్టు

చెట్టు అన్నది సువార్తల్లో లేదు. జర్మనీ ఇళ్లలో అలవాటు, అక్కణ్ణుంచి ఇంగ్లండుకి, వాళ్ల వెంట లోకమంతా. కొన్ని క్రైస్తవ సహవాసాల్లో చెట్టు లోకాచారమని పెట్టరు, ఇంకొన్నిటిలో అసలు క్రిస్మసే చేయరు. అత్తగారింటి వైపో పుట్టింటి వైపో అలాంటివాళ్లుంటే కొనే ముందే ఇంట్లో మాట్లాడుకోవడం మేలు. మనకి పేచీ లేకపోతే, చిన్నపిల్లల కళ్లు ముందు పోయేది చెట్టు మీదికే. అందులో అనుమానం లేదు.

హైదరాబాద్‌లో మూడు దారులున్నాయి.

ప్లాస్టిక్ చెట్టు అందరికీ తెలిసిందే. బేగంబజార్‌లో బేరమాడితే తగ్గుతుంది, ఆన్‌లైన్‌లో ఫొటోలో కనిపించినంత గుబురుగా రాదు. దాని బలహీనత కాళ్లు. మూడు కాళ్ల తేలిక స్టాండు మీద నిలబెడతారు, రెండేళ్ల పిల్లాడు ఒక బంతి పట్టుకు లాగితే చెట్టంతా వాడి మీదికొస్తుంది. మాకు జరిగిందదే. తేలిక కాబట్టి దెబ్బ తగల్లేదు గానీ వాడు వారం రోజులు ఆ మూలకి పోలేదు. పెట్టాలనుకుంటే స్టాండుని ఇసుక పోసిన బకెట్లో దించండి, పైభాగాన్ని కిటికీ గ్రిల్లుకి దారంతో కట్టండి. కింది రెండడుగుల్లో గుడ్డవీ కాగితంవీ మాత్రమే తగిలించాలి. సీరియల్ లైట్లు పైసగంలోనే ఉండాలి, ప్లగ్గు సోఫా వెనక్కి పోవాలి.

రెండోది సరుగుడు కొమ్మ. బాపట్ల, చీరాల వైపు పెరిగినవాళ్లకి క్రిస్మస్ చెట్టంటే అదే. తోటలో కొమ్మ అడిగి తెచ్చుకుని ఇసుక బకెట్లో గుచ్చేవాళ్లం. ఆ వాసన వేరు. ఇక్కడ ఆ కొమ్మ దొరకడం కష్టం, దొరికినా వారంలో ఎండి ఇల్లంతా రాలుతుంది. ఊరినుంచి ఎవరైనా కారులో వస్తుంటే తెమ్మనండి. దానికోసం ఊరంతా తిరగొద్దు.

మూడోది నాకు నచ్చినది. నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్మే అరాకేరియా మొక్క. కడియం నుంచి లారీల్లో నగరంలోని నర్సరీలకి వస్తాయి. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా గొడుగులా విచ్చుకుంటాయి. కుండీ బరువుగా ఉంటుంది, తేలిగ్గా పడదు. రెండడుగుల మొక్క కొని స్టూలు మీద పెడితే చాలు. దీనికి పిల్లలతో ఏడాది పొడవునా పని ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి మట్టి ముట్టుకుని, పైన పొడిబారిందంటేనే నీళ్లు పోయాలి. ఎక్కువ పోస్తే వేరు కుళ్లుతుంది. మే నెల ఎండకి కొనలు గోధుమరంగుకి తిరుగుతాయి, ఆ ఎండలు తగ్గేదాకా నీడలోకి జరపాలి. తల మాత్రం విరగనివ్వకూడదు. నడిచిగురు పోతే మళ్లీ ఆ గోపురం ఆకారం రాదు. దీని కొమ్మలు సన్నం, బరువు మోయలేవు. కాగితం కొంగలు, రంగు దారాలు, ఎండు నారింజ చక్రాలు సరిపోతాయి. ఏడాదికి ఒక అంతస్తో రెండో పెరుగుతుంది. మా పెద్దది ప్రతి క్రిస్మస్‌కి దాని పక్కన నిలబడి ఎత్తు చూసుకుంటుంది. ప్రస్తుతానికి తనదే గెలుపు.

చోటు అసలు లేకపోతే పచ్చ గుడ్డని చెట్టులా కత్తిరించి గోడకి అంటించి, వెల్‌క్రో ముక్కలతో బొమ్మలు పెట్టి తీయడం ఒక మార్గం. ఒకటిన్నర నుంచి మూడేళ్ల పిల్లలకి ఇది అసలు చెట్టు కంటే మంచి ఆట. ఫొటోలో అంత గొప్పగా కనపడదు, అదొక్కటే.

## పశువుల పాక

నిజం చెప్పాలంటే పెళ్లయ్యేదాకా నాకు దీని మీద పెద్ద మోజు లేదు. చర్చిలో పెట్టేది, దణ్ణం పెట్టుకునేది అనుకున్నాను. మా అత్తయ్యగారు మార్చారు.

పాక పెట్టడం క్రైస్తవ సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్‌తో మొదలైందని చెబుతారు. 1223లో ఇటలీలోని గ్రేచ్చో అనే ఊళ్లో నిజం ఎద్దునీ గాడిదనీ తెచ్చి, గడ్డి పరిచి, చదువురాని పల్లెజనానికి కథని కళ్లముందు పెట్టాడు. మన పిల్లలూ చదువురాని జనమే కదా. పైగా ఈ దేశంలో బొమ్మలు పేర్చి కథ చెప్పడం కొత్తేమీ కాదు. మా ఎదురింటి ఆంటీ సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతుంది. మా పెద్దది అక్కడికి పోయి "మీ పాక చాలా పెద్దది ఆంటీ" అని వచ్చింది.

మూడింటిలో రోజూ పని ఉండేది దీనికే. డిసెంబర్ 14 దగ్గర ఒక ట్రేలో మట్టి పోసి మెంతులు, రాగులు చల్లుతాం. మా అత్తయ్యగారింట్లో పాక చుట్టూ పచ్చదనానికి ఇదే పద్ధతి. మెంతులు మూడోరోజుకే తల ఎత్తుతాయి, 24కి రెండంగుళాల పచ్చిక తయారు. చిన్నోడు పొద్దున లేవగానే చేసే మొదటి పని దాని మీద స్ప్రే కొట్టడం. ట్రే మీద కొంత, నేల మీద కొంత, నా మీద కొంత. అట్టపెట్టెకి ఇప్పుడు కొదవ లేదు, ఆన్‌లైన్ ఆర్డర్ల పుణ్యమా అని. ముందు వైపు కోసేసి, పైన కొబ్బరి పీచు పరిస్తే కప్పు. వరిగడ్డి దొరికితే సరే, లేకపోతే పాత చీపురు పుల్లలు.

తర్వాత ప్రయాణం. బొమ్మలన్నీ ఒకేసారి పాకలో పెట్టం. మరియమ్మ, యోసేపు చెప్పుల స్టాండు దగ్గర బయల్దేరతారు. మా అత్తయ్యగారు జోజప్పగారు అంటారు, నేను యోసేపు అంటాను, పిల్లలు ఇద్దరి దగ్గరా మార్కులు కొట్టేయడానికి రెండూ అంటారు. రోజుకో అడుగు జరుపుతారు. ఒకరోజు డైనింగ్ టేబుల్ మీద మజిలీ, ఒకరోజు ఫ్రిజ్జు పైన. గొర్రెల కాపరులు సోఫా చేతి మీద మంద కాస్తుంటారు. బాలయేసు మాత్రం 24 రాత్రి దాకా దాక్కునే ఉంటాడు. జ్ఞానులు అప్పటికీ రారు, జనవరి 6న ముగ్గురు రాజుల పండగకి చేరుకుంటారు. అంటే క్రిస్మస్ అయ్యాక కూడా ఇంకా పన్నెండు రోజుల కథ మిగిలి ఉంటుంది. 26న పిల్లలకి వచ్చే ఆ నీరసం మా ఇంట్లో చాలా తగ్గింది.

జ్ఞానులు తెచ్చిన కానుకల్లో బంగారం అమ్మ మెడలో చూపించొచ్చు. సాంబ్రాణి ఏ పచారీ కొట్లో అయినా ఉంటుంది. బోళం కోసం బేగంబజార్‌లో మూలికల దుకాణంలో అడగాలి. 6వ తారీఖున కొంచెం సాంబ్రాణి ధూపం వేస్తే బైబిలు కథకి వాసన కూడా వస్తుంది. పిల్లికూతలు వచ్చే పిల్లలుంటే ధూపం వద్దు, కణిక చేతికిచ్చి వాసన చూడమంటే చాలు.

బొమ్మలు ఏవి కొనాలన్నది అసలు నిర్ణయం. చర్చిల దగ్గర దుకాణాల్లో దొరికే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ సెట్టు చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, ఒక్కసారి చేయి జారితే అంతే. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో దాని మీద డబ్బు పెట్టకండి. మా యోసేపు తల ఫెవిక్విక్‌తో రెండుసార్లు అతికించాను, ఇప్పుడు కొంచెం పక్కకి చూస్తుంటాడు. పశువులకి, కాపరులకి కొండపల్లి బొమ్మలు బాగా కుదురుతాయి. తెల్లపొణికి కర్ర కాబట్టి తేలిక, లేపాక్షి ఎంపోరియంలో ఆవు, ఎడ్లబండి, తాటిచెట్టు దొరుకుతాయి. బెత్లెహేములో తాటిచెట్టేమిటని మా మామయ్యగారు అన్నారు గానీ పిల్లలు పట్టించుకోలేదు. రంగు పెచ్చులు లేస్తాయి కాబట్టి నోట్లో పెట్టుకునే వయసుకి అవి వద్దు. ఆ వయసుకి నేను గుడ్డ బొమ్మలే చెప్తాను, పాత సాక్సుల్లో దూది కుక్కి దారం కట్టినవైనా సరే. కొవ్వొత్తి పాక దరిదాపుల్లోకి రాకూడదు, అక్కడున్నదంతా ఎండు గడ్డే.

ఇంకో కష్టం ఉంది. బొమ్మలు మాయమవుతాయి. పోయినేడు 24 రాత్రి పదకొండింటికి బాలయేసుని తీద్దామని బీరువా తెరిస్తే లేడు. మంచాల కింద, వాషింగ్ మెషిన్లో, చిన్నోడి ప్యాంటు జేబుల్లో, అన్నీ వెతికాం. చివరికి తెల్ల జేబురుమాలు చిన్న పొట్లంలా చుట్టి తొట్టిలో పెట్టాం. పెద్దది దాన్ని చాలాసేపు చూసి, "ముఖం కప్పుకుని పడుకున్నాడు, చలి కదా" అంది. అసలాయన జనవరి 3న బియ్యం కొలుస్తుంటే డబ్బా అడుగున దొరికాడు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | స్టారు | కుండీ చెట్టు | ప్లాస్టిక్ చెట్టు | పశువుల పాక |
|---|---|---|---|---|
| పిల్లలకి పని | చేస్తే ఒక పూట, కొంటే స్విచ్చి | ఏడాదంతా కొంచెం కొంచెం | ఒక సాయంత్రం | మూడు వారాలు, రోజూ |
| స్థలం | అక్కర్లేదు | స్టూలంత | మూల మొత్తం | చిన్న టేబుల్ |
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం, ఒక్కసారే | సైజుని బట్టి, లైట్లు అదనం | అట్టపెట్టెతో దాదాపు సున్నా, సెట్టు కొంటే ఎక్కువ |
| పాకే పిల్లలుంటే | భయం లేదు | మట్టి తింటారు, అంతే | కట్టేయాలి | గుడ్డ బొమ్మలైతేనే |
| తర్వాత | మడిచి బీరువా మీద | బాల్కనీలో | మంచం కింద డబ్బా | బూట్ల డబ్బాలో పడుతుంది |
| పెద్దవాళ్ల ఓపిక | తక్కువ | తక్కువ | ఒక్కరోజు బాగా | రోజూ కాస్త |

## మీ ఇంటికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలకి పోయి, సాయంత్రం ఏడున్నరకి గచ్చిబౌలి నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చేవాళ్లయితే పాక మొదలుపెట్టకండి. రోజూ జరపాల్సిన బొమ్మలు రెండు రోజులు జరపకపోతే పిల్లలు ఏడుస్తారు, మీకు టెన్షన్. అరాకేరియా, దానికి తోడు కొన్న స్టారు. ఒక శనివారం సాయంత్రంతో అయిపోతుంది. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఈ మాట వెనక్కి తీసుకుంటాను. పాక నడిపించడానికి వాళ్లను మించినవాళ్లు లేరు, కథ వాళ్ల నోటే బాగుంటుంది.

మూడు నుంచి ఏడేళ్ల పిల్లలుండి, ఒకే ఒక్కటి పెట్టగలిగితే, చర్చి ఏదైనా సరే, నా ఓటు పాకకే. ఇది సీఎస్ఐ అమ్మాయి ఓటు అని గుర్తుంచుకోండి.

క్రైస్తవులు కాని ఇళ్లలో కూడా పిల్లల కోసం చెట్టు పెడుతున్నారు, మా అపార్ట్‌మెంట్‌లోనే రెండు ఫ్లాట్లు. వాళ్లకి కుండీ మొక్క అన్నిటికంటే హాయి. జనవరిలో అది మామూలు మొక్క. పిల్లలకి పాక చూడాలనుంటే పక్కింటికి పంపండి, పండగరోజు మా తలుపు ఎలాగూ మూసి ఉండదు.

పండగకి ఊరికి పోయేవాళ్లు 23న బండెక్కేస్తారు, ఇంట్లో ఏం పెట్టినా చూసేవాళ్లుండరు. స్టారు చేసి సామాన్లతో పాటు తీసుకుపోండి, ఊళ్లో తాతయ్య గుమ్మానికి కడతారు.

## కేకా, గవ్వలా

అలంకరణ లాగే వంటలోనూ ఒకటి పిల్లలకి, మిగతావి మనకి. ప్లం కేకు బేకరీలో కొనేయండి, ఈ ఊళ్లో మంచి బేకరీలకి కరువా. కొనేటప్పుడు రమ్ములో నానబెట్టిన పండ్లా, జ్యూసులో నానబెట్టినవా అని అడగండి, చెప్తారు. ఇంట్లో చేస్తే నారింజ రసంలో రెండు రోజులు నానబెడితే సరిపోతుంది. జీడిపప్పు, బాదం ముక్కలు బాగా సన్నగా ఉండాలి, చిన్నపిల్లల గొంతులో పలుకులు అడ్డం పడతాయి. ఏడాది లోపు పాపకి తేనె వేసినవేవీ పెట్టొద్దు.

కేకు చేయడంలో పిల్లలకి పని తక్కువ. గిన్నెలో ఒకసారి గరిటె తిప్పనిస్తాం, ఆపైన ఓవెన్ దగ్గరికి రానివ్వం. అరిసెలు పాకం పని, అసలు రానివ్వం. గవ్వలు అలా కాదు. అర కిలో మైదాలో గుప్పెడు బొంబాయి రవ్వ, రెండు చెంచాల వేడి నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కలిపి అరగంట మూత పెట్టాలి. శెనగగింజ కంటే కాస్త పెద్ద ఉండ చేసి, గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి కిందికి లాగితే గీతలతో చుట్టుకుంటుంది. చెక్క లేకపోతే ఫోర్కు వెనక వైపు. గోవా వాళ్లు, ఆంగ్లో ఇండియన్లు క్రిస్మస్‌కి కల్‌కల్స్ అని చేసేది అచ్చం ఇదే. ఐదేళ్ల బొటనవేలికి ఈ పని కొలిచి పెట్టినట్టుంటుంది. మొదటి ఇరవై గవ్వలు గవ్వల్లా ఉండవు, ముక్కుల్లా ఉంటాయి. తర్వాత చేయి తిరుగుతుంది. మా ఇంట్లో ముక్కులు విడిగా వేయించి వాటికి బెల్లం పాకం ఎక్కువ పట్టిస్తాం, అవే ముందు అయిపోతాయి. నూనె దగ్గర పని, పాకం పని మనదే.

## అర్ధరాత్రికా, పొద్దున్నా

సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌లోనో గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్స్ కేథడ్రల్‌లోనో 24 అర్ధరాత్రి పూజ చూడ్డం పెద్దవాళ్లకి గొప్ప అనుభవం. నాలుగేళ్ల లోపు పిల్లలతో మాత్రం అది శిక్ష. చలి, పార్కింగ్, నిద్రమత్తులో ఏడుపు, మర్నాడు పొద్దున కొత్త బట్టలు వేయబోతే మళ్లీ ఏడుపు. కొన్ని కేథలిక్ చర్చిల్లో 24 సాయంత్రమే ఒక పూజ ఉంటుంది, నోటీసు బోర్డు చూడండి. సీఎస్ఐ చర్చిల్లో 25 తెల్లవారుజాము ఆరాధన ఉన్నచోట దానికి కాకుండా రెండో ఆరాధనకి పోతే పిల్లలు తిని వస్తారు కాబట్టి ప్రసంగం సగం దాకా ఆగుతారు. అర్ధరాత్రి తప్పదనుకుంటే దంపతుల్లో ఒకరు వెళ్లి ఒకరు ఇంట్లో ఉండడం నేరమేమీ కాదు. మేం ఏడాదికొకరం పోతాం.

మెదక్ చర్చికి 25నే పోవాలన్న సరదా ఉంటే, చిన్నపిల్లలతో వద్దంటాను. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన గుడి అది, ఆ రోజు జనం జాతరలా ఉంటారు. డిసెంబర్‌లో ఇంకో రోజు పగటిపూట వెళ్లండి, హైదరాబాద్‌కి వంద కిలోమీటర్ల దూరం. లోపల రంగు అద్దాల కిటికీలు బయటి వెలుతురుకే కనిపిస్తాయి, అందులో ఒకటి యేసు పుట్టుక. పాక బొమ్మలు జరిపిన పిల్లలు ఆ కిటికీలో అందర్నీ పేర్లు పెట్టి గుర్తుపడతారు.

## క్రిస్మస్ తాత సంగతి

క్యారల్స్ పాడే చర్చి యూత్‌తో పాటు ప్లాస్టిక్ మాస్కు వేసుకుని వచ్చే క్రిస్మస్ తాతని చూసి జడుసుకోని రెండేళ్ల పిల్లల్ని నేను చూడలేదు. ముందే యూత్ లీడరుకి ఫోన్ చేసి, మా ఇంటికి వచ్చేసరికి మాస్కు తీసేయమని చెప్పండి. వాళ్లూ సంతోషిస్తారు, లోపల ఊపిరాడదట. రాత్రి రెండింటికి కాకుండా పదిలోపు మీ ఇల్లు చుట్టేయమని కూడా అడగొచ్చు, కుదిరితే చేస్తారు.

తాత నిజంగా ఉన్నాడా అని అడిగితే మేం అబద్ధం చెప్పం. నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊళ్లో నికొలాస్ అనే బిషప్ ఉండేవాడు, ఆ ఊరు ఇప్పటి టర్కీలో ఉంది, ఎవరికీ తెలియకుండా బీదవాళ్లకి సాయం చేసేవాడని చెప్తారు, ఇప్పుడు ఆయన వంతు మనందరం చేస్తున్నాం అని చెప్తాం. ఆయన పండగ డిసెంబర్ 6. ఆ రోజు పిల్లల చేత పాత బొమ్మలు రెండు ఏరించి వాచ్‌మన్ పిల్లలకి ఇప్పించేవాళ్లం. పోయినేడు మా పెద్దది ఎవరికీ తెలియకూడదు కదా అని చెప్పకుండా ఇచ్చేసింది. ఇచ్చినవాటిలో నా ఫోన్ చార్జర్ కూడా ఉంది.

## ఈ ఏడాది మా లెక్క

అరాకేరియా ఎలాగూ బాల్కనీలో ఉంది, లోపలికి జరపడమే. స్టారు పాతదే, ఒక కొనకి కాగితం మార్చాలి. మూల పాకదే. నవంబర్‌లోనే బూట్ల డబ్బా దించి చూశాం. గొర్రెలు ఆరు ఉండాలి, నాలుగే ఉన్నాయి. గాడిదకి ఒక చెవి లేదు. కొత్త గాడిదని కొందామంటే పెద్దది ఒప్పుకోవడం లేదు. దానికి వినపడకపోయినా దారి తెలుసంటుంది.